మేట్ గారి దానిమ్మకాయ

మేట్ గారు పోయారు.

శనివారం పొద్దున్న పెనం మీద దోశ వేసి ఫోన్ చూశాను. మా పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, ఆయన ఫోన్ నుంచి ఆంటీ, అంటే ఆయన భార్య, పెట్టిన మెసేజ్. పెర్త్‌లో కూతురింట్లో, నిద్రలోనే వెళ్ళిపోయారట. దోశ మాడిపోయింది. ముందు ఏడుపొచ్చింది. తర్వాత, ఆ మెసేజ్ కింద మావాళ్ళంతా వరసపెట్టి "రెస్ట్ ఇన్ పీస్ మేట్ గారూ" అని పెడుతుంటే చూసి నవ్వొచ్చింది. ఆ మనిషి విశ్రాంతిగా, ప్రశాంతంగా ఉండగా చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అసలు? మా అమ్మాయి వంటింట్లోకి తొంగిచూసి, "అమ్మా, క్రై ఆర్ లాఫ్, చూజ్ వన్ లా" అంది. సింగపూర్‌లో, ఈ బుకిట్ బటోక్‌లో పుట్టిన పిల్ల, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది. దానికి అన్నీ క్యూలో నిలబడి ఒక్కొక్కటిగా జరగాలి.

ఆంటీకి ఫోన్ చేశాను. ఇద్దరం కాసేపు ఏడ్చుకున్నాం. కానీ ఫోన్ చేస్తే పలకరింపు అయిపోతుందా? మా తెనాలి వైపు పలకరింపంటే పోయినవాళ్ళ మనిషి దగ్గరికి వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. మన దగ్గర మాటల్లేకపోయినా ఫర్వాలేదు, ఎలా జరిగిందో వాళ్ళు చెబుతుంటే వినాలి. లేచేటప్పుడు మాత్రం "వెళ్ళొస్తా" అనకూడదు. అంటే ఇలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ వస్తామన్నట్టట. మాట్లాడకుండా లేచి, చెప్పులేసుకుని వచ్చేయాలి. ఇవన్నీ మా అమ్మమ్మ చేసిన చట్టాలు, సింగపూర్ చట్టాల కన్నా గట్టివి. సరే, పెర్త్ వెళ్ళలేను. ఇక్కడ మేట్ గారి మనిషంటూ ఎవరున్నారు, నేను వెళ్ళి కూర్చోవడానికి?

ఒకాయన ఉన్నాడు. ఆయన గుర్తు రాగానే మళ్ళీ నవ్వొచ్చింది. ఆయన ఇంగ్లీషాయన. మేట్ గారు ఆయన్ని ఏళ్ళ తరబడి మొహం మీదే తిట్టిపోశారు.

ఈ మేట్ గారి సంగతి మీకు చెప్పాలి. అసలు పేరు చెప్పను, చెప్పినా మాలో సగంమందికి తెలీదు. పాలకొల్లు దగ్గర పుట్టి, జీవితంలో సగం ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో గడిపి, ఆ దేశం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, చాంగీ బిజినెస్ పార్క్‌లో మా బ్యాంకు ఆఫీసుకి ఉద్యోగానికొచ్చారు. కనబడిన ప్రతివాడూ ఆయనకి మేట్, అక్కడివాళ్ళు స్నేహితుణ్ణి పిలిచినట్టు. లిఫ్టులో ఎక్కినవాడు మేట్, నేల తుడిచే అంకుల్ మేట్, ఆఖరికి పనిచెయ్యని ప్రింటర్ కూడా మేట్. మాకేమో పెద్దాయన్ని ఉత్తి మేట్ అని పిలవడానికి నోరు రాలేదు, గారు తగిలించాం. తెలుగువాడికి గారు తగిలిస్తే గాని అన్నం అరగదు కదా.

మనిషి నల్లగా, బొద్దుగా ఉండేవారు. నెత్తిన గొడుగంత టోపీ, ముక్కు మీద తెల్లగా ఎండకి పూసుకునే క్రీము. శుక్రవారమైతే ఇస్త్రీ చొక్కా కింద నిక్కరు. రైల్లో ఆయన ఎక్కుతుంటే పిల్లలు తల్లుల కొంగులు లాగి చూపించేవాళ్ళు. ఎండకి భయపడే గోదావరి మనిషిని మిమ్మల్నే చూశానండీ అంటే, "ఆయ్, అక్కడి ఎండ నీకు తెలీదమ్మాయ్, తోలు వొలిచేత్తాది" అనేవారు. ఏం మాట్లాడినా 'ఆయ్' తో మొదలెట్టి 'మేట్' తో ముగించేవారు. మధ్యలో ఏ భాష దొర్లేదో ఆయనకే పట్టేది కాదు.

మేం తెనాలివాళ్ళం తిడితే తిట్టినట్టే ఉంటుంది. గోదావరివాళ్ళు తిడితే భోజనానికి పిలిచినట్టుంటుంది, ఇంటికెళ్ళి పడుకున్నాక గాని అర్థం కాదు. ఆ ఎటకారానికి మేట్ గారి దగ్గర ఆస్ట్రేలియా ఎటకారం తోడైంది. ఆయన లెక్కలో రెండూ ఒక ఊరి సరుకే. అక్కడ దిగిన వారానికే ఆయనకి అర్థమైపోయిందట, వీళ్ళు మనోళ్ళేనని. నచ్చనివాడితో మర్యాదగా మాట్లాడతారట, నచ్చినవాణ్ణి ఏకిపారేస్తారట. అందుకే మేట్ గారు ఎవరితోనైనా మరీ మర్యాదగా మాట్లాడుతున్నారంటే మాకు వాడి మీద జాలేసేది.

ఇక ఆ ఇంగ్లీషాయన. మా డిపార్ట్‌మెంటుకి పెద్ద. తాటిచెట్టంత పొడుగు, దానికి తగ్గ నిదానం. ఎండలోకి అడుగు పెడితే చాలు, ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత బుగ్గలు. అందరూ అందర్నీ పేరు పెట్టి పిలుచుకోవాలని మా ఆఫీసులో రూలు. తలకిందులుగా నిలబడినా మా నోట్లోంచి సర్ తప్ప ఇంకోటి రాలేదు. మాలో మేం తెలుగులో దొర అనుకునేవాళ్ళం. మంచివాడే పాపం. కాకపోతే సణుగుతాడు. ఎవరినీ ఏమీ అనకుండా, చాలా మర్యాదగా, గాలిలోకి సణుగుతాడు.

మేట్ గారు చేరిన కొత్తల్లో అందర్నీ కూర్చోబెట్టి ఒక మీటింగ్ పెట్టారు. దొర లేచి, బయట ఎండ ఎక్కువని, లోపల ఏసీ ఎక్కువని, ఈ దేశంలో టీ అడిగితే పాయసం ఇస్తారని మొదలెట్టాడు. మేమంతా తలలూపుతున్నాం. అప్పుడు వెనక వరసలోంచి, టోపీ కిందనుంచి, పెద్దగానే వినబడింది: "విన్జింగ్ పామీ."

పామీ అన్నా, పామ్ అన్నా ఆస్ట్రేలియావాళ్ళు ఇంగ్లీషువాళ్ళని అనే మాట. విన్జింగ్ అంటే సణుగుడు. వెరసి సణుగుడు పామీ. ఇదంతా నాకు తర్వాత తెలిసింది గాని, అది తిట్టని మాత్రం అప్పుడే తెలిసిపోయింది. తిట్టు ఏ భాషలోదైనా చెవికి తెలుస్తుంది. మాలో సగంమంది నేల చూపులు చూశాం. నా పక్కన కూర్చునే నెల్లూరాయన కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే మా అందరి పాస్‌లూ ఆ కంపెనీ దయమీదే వేలాడుతున్నాయి మరి. ఈ కొత్తాయన పని అయిపోయిందనుకున్నాం.

దొర మాట ఆపాడు. మెడ సాచి వెనక్కి చూశాడు. టోపీ కనబడింది. ఎండ లేకపోయినా చెవులు ఎర్రబడ్డాయి.

"కాన్విక్ట్," అన్నాడు. "మీ ముత్తాత ఏ ఓడలో వచ్చాడు? ఏం దొంగిలించి?"

ఒకప్పుడు ఇంగ్లండ్ తన ఖైదీలని ఓడలకెత్తి ఆస్ట్రేలియాకి తోలింది కదా, ఆ ఎత్తిపొడుపన్నమాట. పాలకొల్లు మనిషిని పట్టుకుని! మేట్ గారు లేచి నిలబడి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, "గొర్రెని, మేట్. ఒక్కటే. అదీ బక్కది" అన్నారు. దొర నవ్వాడు. అంతకుముందు ఆయన పళ్ళు మేమెవరమూ చూడలేదు.

మధ్యాహ్నం కేంటీన్లో మేట్ గారు చికెన్ రైస్ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నారు. భయపడుతున్నారేమోనని పక్కన కూర్చున్నాను. చూస్తే కళ్ళు చెమ్మగా ఉన్నాయి.

"పాస్‌పోర్టు వాళ్ళే ఇచ్చారమ్మాయ్," అన్నారు. "అన్నేళ్ళున్నా ఒక్కడూ నన్ను కాన్విక్ట్ అనలేదు. ఎక్కడ నొచ్చుకుంటానోనని మీదే ఊరండీ, ఇడ్లీ ఎలా చేత్తారండీ అని అడిగేవారు. ఇవాళ ఈ దానిమ్మకాయ నన్ను ఆస్ట్రేలియావోణ్ణి చేసేశాడు."

దానిమ్మకాయ ఎందుకంటే, దానికో కథ. పామీ అన్న మాట ఎలా పుట్టిందో ఎవరికీ ఖాయంగా తెలీదట, తోచినవాళ్ళు తోచినట్టు చెబుతారట. మేట్ గారు పట్టుకున్న కథేమిటంటే, ఓడ దిగిన కొత్త ఇంగ్లీషువాళ్ళ బుగ్గలు అక్కడి ఎండకి దానిమ్మపండు రంగుకి తిరిగేవని, ఇంగ్లీషులో దానిమ్మ పేరు, పామిగ్రానెట్, కురచై పామీ అయిందని. నిజమేనంటారా అని నేనడిగితే, ఆ చెవులు చూసి నువ్వే చెప్పు అన్నారు. అప్పట్నుంచీ మా తెలుగు బల్ల దగ్గర దొర పేరు దానిమ్మకాయ.

అయినా అంత పెద్దాయన్ని అలా అనొచ్చా అని ఇంకోసారి అడిగాను. అప్పుడు చెప్పారు ఆయన సిద్ధాంతం. ఎవరు ఎవర్ని ఏమనాలన్నా వరస కలవాలట. బావ బావమరిదిని ఏమన్నా అనొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. అనకపోతేనే తప్పు, వీళ్ళకేదో చెడిందని ఊరంతా అనుకుంటుంది. ఇంగ్లీషువాడూ ఆస్ట్రేలియావాడూ బావా బావమరుదులట. న్యూజిలాండువాడు తమ్ముడి వరసట, వాణ్ణి మనం తిట్టొచ్చు గాని బయటివాడు తిడితే ఊరుకోకూడదట. మరి మనమేమవుతామండీ ఇంగ్లీషువాళ్ళకి అన్నాను. అప్పుడు గ్లాసు కింద పెట్టారు.

"మనోళ్ళు దొరా అన్నారమ్మాయ్. దొరా అని చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. వీళ్ళు పామీ అని పక్కన చతికిలబడ్డారు. దొర అయినోడు పాపం ఒక్కడే కూచోవాలి కుర్చీలో. ఎటకారమాడే మనిషి లేనోడు అనాథే, ఎంత జీతమొచ్చినా."

ఆ మాట దొరకి అక్షరాలా సరిపోయింది. భార్యతో ఎప్పుడో విడిపోయాడు, పిల్లల్లేరు. నది ఒడ్డున అద్దాల మేడలో ఇల్లు, ఫ్రిజ్ తెరిస్తే పాల డబ్బా తప్ప ఇంకేం ఉండదట. ఆఫీసులో అడుగు పెడితే అందరూ సర్, సర్. ఈ ఒక్క మనిషే ఆయన్ని చూడగానే "ఇవాళ దేనికి ఏడుస్తున్నావు, పామీ?" అనేవారు. దొర ఆ మాట కోసమే మా బల్లల మధ్యనుంచి చుట్టు తిరిగి తన గదికి వెళ్ళేవాడు. నేను చూసేదాన్ని.

ఇంకో మాట ఉండేది, తువ్వాలు. ఆస్ట్రేలియాలో ఏదైనా ఎండి బీటలు వారి ఉంటే, పామీ తువ్వాల్లా పొడిగా ఉందంటారట. ఇంగ్లీషువాళ్ళు స్నానం చెయ్యరు గనక తువ్వాలు తడవదని. కాలవలో రోజుకి రెండుసార్లు మునిగి పెరిగిన మనిషికి ఇలాంటి మాట దొరికితే వదులుతారా? కేంటీన్ బిస్కట్టు పామీ తువ్వాలు. నేను రాసిన రిపోర్టు పామీ తువ్వాలు. నేను ప్రేమగా తెచ్చిపెట్టిన ఉప్మా కూడా పామీ తువ్వాలే. ఒకరోజు దొర తలంతా తడిగా, చొక్కా భుజాలు తడుపుకుంటూ ఆఫీసుకొచ్చి, సంచిలోంచి నీళ్ళోడుతున్న తువ్వాలు తీసి మేట్ గారి కుర్చీకి ఆరేసి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మేట్ గారు సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. నిక్కరు తడిసినా లేవలేదు, ఓడిపోయినట్టవుతుందని.

శనివారాలు దొర రైలెక్కి బుకిట్ బటోక్ వచ్చేవాడు, ఆంటీ పెసరట్లు తినడానికి. నేనుండేది పక్క బ్లాకే, నన్నూ పిలిచేవారు. పచ్చిమిర్చి తగిలితే దొర సణిగేవాడు, ఈయన తిట్టేవారు, ఆయన ఓడల సంగతెత్తేవాడు, ఆంటీ ఇద్దరికీ ఇంకో అట్టు వడ్డించేది. పెర్త్‌లో వాళ్ళ పక్కింటి ముసలమ్మ గురించి కూడా అక్కడే విన్నాను. ఆవిడ పది పౌండ్ల పామీ అట. యుద్ధమయ్యాక అంత చవక టికెట్ మీద ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళకి ఆ పేరు. జీవితమంతా అక్కడే ఉండి, టీ బాగోలేదని చెబుతూ చెబుతూనే పోయింది మహాతల్లి అని మేట్ గారు చెప్పి నిజంగానే కళ్ళొత్తుకున్నారు. దొర కూడా ఒక నిమిషం మౌనం పాటించాడు, ఆ టీ ఎలాంటిదో తనకి తెలుసు గనక.

అంతా బాగానే ఉండగా కేకు వచ్చింది.

దొర పుట్టినరోజు. కేకు ఆర్డరిచ్చే పని నెల్లూరాయన మీద పడింది. ఆయన చాలా నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించని మనిషి. పామీ అంటే ముద్దుపేరని ఆయన గట్టి నమ్మకం. దొర ఆ పేరు వినగానే నవ్వుతాడు కదా మరి. కానీ అంత పెద్దాయన్ని ఉత్తినే పామీ అని రాయిస్తే ఏం బావుంటుంది? మర్యాద ఉండాలి కదా. తెల్లటి కేకు మీద ఎర్రటి క్రీముతో ఇంతింత అక్షరాల్లో రాయించుకొచ్చాడు: హ్యాపీ బర్త్‌డే పామీ సర్.

ప్రపంచంలో ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టగలిగేది మనమే. మేట్ గారు చూసి, నవ్వాపుకోలేక స్తంభం వెనక్కి వెళ్ళారు. దొర చూసి కళ్ళు తుడుచుకున్నాడు. కత్తి తీసుకుని, ముందు 'సర్' అన్న ముక్క కోసి, తీసుకెళ్ళి మేట్ గారి నోట్లో కుక్కాడు. మేం చప్పట్లు కొట్టాం. పెద్దాఫీసు నుంచి ఆ వారం చూడ్డానికొచ్చిన ఒక ఇంగ్లీషావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు హెచ్.ఆర్. నుంచి పిలుపొచ్చింది. జాతి పేరు పెట్టి పై అధికారిని ఎగతాళి చేశారని ఫిర్యాదు. కేకు ఎవరు రాయించారని అడిగారు. నెల్లూరాయన పాస్ రెన్యువల్‌కి వెళ్ళింది ఆ వారమే. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మేట్ గారు ముందే లోపలికెళ్ళి కూర్చుని, ఆ మాట నేర్పింది తనేనని, మిగతావాళ్ళకి అది తిట్టని కూడా తెలీదని చెప్పేశారు. తనకేం బాధ లేదని దొర మొత్తుకున్నాడట. హెచ్.ఆర్. ఆవిడ ఇక్కడి మనిషే, ఆవిడకీ లోపల నవ్వొస్తూనే ఉందట, కానీ రూల్ ఈజ్ రూల్ లా అందట. చివరికి నెల్లూరాయన పేరు ఎక్కడా రాకుండా ఉండటానికి మేట్ గారు మాటిచ్చి వచ్చారు. ఈ ఆఫీసులో ఇక తన నోటివెంట అలాంటి మాటేదీ రాదని.

ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో గోదావరి మనిషి ఎంత దుర్మార్గంగా ఉండగలడో అప్పుడు చూశాను. మర్నాటి నుంచి దొరని చూడగానే లేచి నిలబడేవారు. గుడ్ మార్నింగ్ సర్. ఎస్ సర్. సర్టన్లీ సర్. దొర పాపం మా బల్లల దగ్గరికొచ్చి నిలబడి, ఇవాళ టీ దరిద్రంగా ఉంది అని పైకే అనేవాడు. అని, ఆగేవాడు. మేట్ గారు తలవంచి, అయ్యో, వినడానికి చాలా బాధగా ఉంది సర్ అనేవారు. దొర ఇంకాసేపు నిలబడి, ఏసీ గురించి కూడా ఒకటి అని, మళ్ళీ ఆగి, చివరికి వెళ్ళిపోయేవాడు. అంత పొడుగు మనిషి వెనకనుంచి పొట్టిగా కనబడేవాడు. అలకపాన్పెక్కిన అల్లుడైనా ఉంగరమిస్తే దిగుతాడు. ఈయన దిగే దారి లేదు, ఎక్కింది అలిగి కాదు, మాటిచ్చి. శనివారాలు దొర రావడం మానేశాడు. కొన్నాళ్ళకి సణగడం కూడా మానేశాడు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

ఆంటీ ఊరుకోలేదు. తనే దొరకి ఫోన్ చేసి, వచ్చీరాని ఇంగ్లీషులో, శనివారం వచ్చి తీరాలంది. నన్నూ రమ్మంది. దొర వచ్చాడు, పూలు పట్టుకుని, షూస్ విప్పి, పెళ్ళిచూపులకొచ్చినట్టు కుర్చీ చివర కూర్చున్నాడు. మేట్ గారు ప్లీజ్ సర్, నీళ్ళు సర్ అంటున్నారు. ఆంటీ అట్టు పెట్టింది. మిరపకాయలు ఆవిడ కావాలనే దండిగా వేసిందని నా అనుమానం. దొర ఒక ముక్క తిన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంచెం కారంగా ఉంది కదూ అన్నాడు మెల్లగా. అని, ఎప్పట్లాగే ఆగాడు. మేట్ గారు ఫ్యాన్ వైపు చూస్తున్నారు. ఆంటీ అట్లకాడ పట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది.

"ఏవండీ, ఇది ఆఫీసా?"

"కాదు," అన్నారు మేట్ గారు.

"మరి ఆయన ఆకలితో ఆగి ఉన్నాడు. పెట్టరేం?"

అంతే, గట్టు తెగింది. పామీ, సణుగుడు పామీ, తువ్వాలు తడవని పామీ, మిరపకాయకి ఏడ్చే దానిమ్మకాయ, అన్ని వారాల బాకీ ఒక్కసారి వచ్చింది, సగం ఇంగ్లీషులో, సగం పాలకొల్లులో. దొర వెక్కిళ్ళు పెట్టి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు, అందులో కారం ఎంతో నేను చెప్పలేను. తర్వాత ఇంకో రెండట్లు అడిగి వేయించుకున్నాడు. అప్పట్నుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఒక ఒప్పందం నడిచింది. ఆఫీసులో సర్. శనివారం పామీ.

అలా చాలా శనివారాలు గడిచాక ఇద్దరూ రిటైరయ్యారు. దొర ఇక్కడే ఉండిపోయాడు. మేట్ గారు కూతురి దగ్గరికి పెర్త్ వెళ్ళిపోయారు. చాంగీ ఎయిర్‌పోర్టులో దొర దూరంగా నిలబడి, ట్రాలీ చక్రాలు సరిగ్గా తిరగడం లేదని ఎవరికో చెబుతున్నాడు. మేట్ గారు నన్ను పక్కకి పిలిచారు.

"నేనెళ్ళిపోతే ఈణ్ణి తిట్టే దిక్కుండదమ్మాయ్. కాత్త నువ్వు సూసుకో."

నా వల్ల కాదండీ బాబూ, ఆయన్ని చూస్తే సర్ తప్ప రాదు అన్నాను. తెనాలి నోరు ఏమైపోయిందమ్మాయ్ అన్నారు. అవతలివాళ్ళని అనాల్సిన చోట ఆ నోరు ఎప్పుడూ తగ్గలేదు గాని, ఇక్కడ మాత్రం పెగల్లేదు. దారిలో దొర కనబడితే బావున్నారా సర్ అనేదాన్ని. బావున్నానమ్మా అనేవాడు, మర్యాదగా.

అదీ సంగతి. అందుకే ఆ శనివారం మాడిన దోశ పారేసి, స్నానం చేసి, రైలెక్కి, నది ఒడ్డున ఉన్న ఆ అద్దాల మేడకి పలకరింపుకి వెళ్ళాను.

దొర తలుపు తీశాడు. బాగా పెద్దవాడైపోయాడు. చెవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. జుట్టు తడిగా ఉంది, నీళ్ళు కాలర్ మీదికి కారుతున్నాయి. లోపల కుర్చీకి ఒక తువ్వాలు ఆరేసి ఉంది, కిందకి నీళ్ళోడుతోంది. చావు కబురు వింటే తలస్నానం చెయ్యాలని ఈయనకెవరు చెప్పారా అనుకున్నాను. ఎవరూ చెప్పలేదట. మా అమ్మమ్మ చెప్పినట్టు నేను ఎదురుగా కూర్చున్నాను, ఆయనే చెప్పాడు. అంతకు రెండ్రోజుల ముందు మేట్ గారు వీడియో కాల్ చేశారట. మాట నీరసంగా ఉందట గాని ఎటకారం తగ్గలేదట. చివర్లో ఈయన మొహం దగ్గరగా చూసి, "ఇవాళైనా స్నానం చేశావా, పామీ?" అని అడిగారట. ఈయన జవాబు చెప్పేలోపు లైను తెగిపోయిందట. తర్వాత చేద్దాంలే అనుకున్నాడట.

"అందుకని చేశాను," అన్నాడు, తువ్వాలు వైపు చూస్తూ.

నేను ఏడ్చాను, అంతే. ఆయన లేచి టీ పెట్టాడు. ఆ టీ నిజంగా బాగోలేదు, నీళ్ళలా ఉంది. ఆయన మాత్రం ఏమీ అనకుండా తాగాడు. పొద్దుటినుంచీ చాలామంది మెసేజ్‌లు పెట్టారని, అందరూ ఎంతో మర్యాదగా రాశారని చెప్పాడు. ఆ మర్యాద అన్న మాట దగ్గర ఆయన కప్పు కింద పెట్టేశాడు.

ఇక లేవాలి. మాట్లాడకుండా లేచి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నాను. దొర తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి ఎండ చూసి, ఇవాళ ఎండ మరీ ఘోరంగా ఉంది కదూ అన్నాడు. అని, ఆగాడు.

ఆ ఆగడం నాకు తెలుసు. మా బల్లల దగ్గర చూశాను, ఆంటీ పెనం దగ్గర చూశాను. ఇప్పుడు మాత్రం ఆ గుమ్మంలో నేను తప్ప ఎవరూ లేరు. గొంతులోకి ముందు సర్ వచ్చింది. దాన్ని మింగాను. ఎయిర్‌పోర్టులో ఆ టోపీ, ఆ తెల్ల ముక్కు కళ్ళముందు కనబడ్డాయి.

"విన్జింగ్ పామీ," అన్నాను. అన్నాక భయమేసింది. మింగిన మాట కాస్తా బయటికొచ్చేసింది. "సర్."

దొర నన్నే చూశాడు. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత బుగ్గలు. తలుపుకి ఆనుకుని, భుజాలు కుదిపేస్తూ, వెక్కిళ్ళొచ్చేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, ఇంతకీ నువ్వు ఏ ఓడలో వచ్చావమ్మా అని అడిగాడు.

వచ్చే శనివారం మా ఇంట్లో పెసరట్లు, అప్పుడు చెబుతానన్నాను. లిఫ్టు వచ్చింది. పలకరింపుకెళ్ళిన ఇంట్లో అనకూడని మాట, మా అమ్మమ్మ వింటే చీపురు తిరగేసే మాట, తెలిసి తెలిసి అనేశాను.

"వెళ్ళొస్తానండీ."